గోడమీది బొమ్మ కుట్టదు లెండి!

"ఎగ్జిబిషన్‌కి వెళదాం, వస్తారా?" అని మన ఆడవాళ్ళలో ఎవర్నయినా అడిగి చూడండి. హైదరాబాదు వాళ్ళయితే, అది జనవరి నెలయితే, "నాంపల్లి ఎగ్జిబిషనేనా?" అంటారు. మరో నెలయితే, "చీరలా, నగలా?" అంటారు. "కాదండీ, బొమ్మలు. ఎవరో వేసిన చిత్రాలు పెట్టారుట" అన్నామా, మొహం అదోలా పెట్టి, "అబ్బే, అవన్నీ మనకేం తెలుస్తాయి! అవి పెద్ద పెద్ద వాళ్ళు వెళ్ళేవి" అని చల్లగా జారుకుంటారు.

ఈ "మనకేం తెలుస్తాయి" అనే మాటతోనే నా తగువంతా. దాన్ని మన నోటికి అలవాటు చేసిన వాళ్ళతో సగం తగువు. అలవాటయిన మాటని వదలకుండా ముద్దుగా పెంచుకుంటున్న మనతో సగం తగువు. ఎవరి వాటా వాళ్ళకి పంచిపెడదామనే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

చిన్నప్పుడు "గోడమీద బొమ్మ" అని మొదలయ్యే పొడుపుకథ విప్పని వాళ్ళెవరు? జవాబు తేలు. గోడమీద బొమ్మంటే తేలేనని అప్పుడు బట్టీపట్టిన పాఠం ఇప్పటికీ వదల్లేదు కాబోలు, ఆర్ట్ గ్యాలరీ గోడమీద బొమ్మ కనిపించినా కుడుతుందేమోనని ఆమడ దూరం నుంచే దణ్ణం పెట్టేస్తున్నాం.

నాంపల్లి ఎగ్జిబిషన్ 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో చిన్నగా మొదలైంది. 1946లో ఇప్పుడున్న మైదానానికి మారింది. ఏటా జనవరి 1న తెరిచారంటే నెలా పదిహేను రోజులు ఊరు ఊరంతా అక్కడే. ఆ దుమ్ములో, ఆ తొక్కిసలాటలో, చంకలో పిల్లాడితో నిలబడి, కాశ్మీరు శాలువా తిరగేసి వెనకవైపు కుట్టు చూసి, "ఇది చేతి పని కాదు బాబూ, మిషను పని" అని తేల్చి చెప్పే ఇల్లాలిని మీరు చూడలేదూ? ఆవిడ ఏ కాలేజీలో చదివింది? చూసి చూసి ఆవిడ కళ్ళే నేర్చుకున్నాయి.

చీరల కొట్టు సంగతి చెప్పనే అక్కర్లేదు. పోచంపల్లి చీర చేత్తో నేసిందా, అచ్చు గుద్దిందా అని చెప్పడానికి మనకి నిమిషం పట్టదు. నూలుకి ముందే రంగులద్ది నేస్తారు గనుక అసలు చీరలో పువ్వు అంచు కాస్త చెదిరి, ఒకదాంట్లోకి ఒకటి జారినట్టుంటుంది. రెండువైపులా ఒకేలా వుంటుంది. గీత గీసినట్టు కొట్టొచ్చినట్టుందంటే అది అచ్చుబొమ్మే. నెమలికంఠం రంగుకీ రామచిలక రంగుకీ మధ్య వున్న అరడజను ఛాయలు మనకి పేరుపేరునా తెలుసు. గంధం రంగు మీద మెరూన్ అంచు నప్పుతుందా, ఆకుపచ్చ నప్పుతుందా అని గంటసేపు వాదించగలం. రంగుకీ రంగుకీ ఎల్లా కుదిరింది, గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగింది, చేసినవాడి చెయ్యి తిరిగిందా లేదా, ఇవి తెలిసిన మనిషికి బొమ్మ చూడ్డం తెలియదని ఎవరన్నారు?

సాలార్ జంగ్ మ్యూజియానికి వెళ్ళని తెలుగింటి ఆడది అరుదు. 1951లో దివాన్ దేవిడీలో మొదలై, 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనంలోకి వచ్చింది. ఊరినుంచి చుట్టాలొస్తే చార్మినారు, జూ పార్కు, సాలార్ జంగ్, ఇదే కదా మన యాత్ర! అక్కడ ముసుగు వేసుకున్న రెబెకా విగ్రహం వుంది. బెంజోనీ అనే ఇటలీ శిల్పి చెక్కాడు. దాని ముందు నిలబడి, "ఈ మేలిముసుగు రాయంటే నమ్మబుద్ధి కావడం లేదే! లోపలి ముక్కూ పెదవీ కనిపిస్తున్నాయి చూడు" అని మీరు పక్కవాళ్ళతో అన్నారా లేదా? అన్నారు కదా. అమ్మా, దాన్నే కళావిమర్శ అంటారు. మీరు ఇంగ్లీషులో అనలేదు గనుక అది లెక్కలోకి రాలేదు, అంతే తేడా.

అసలు బొమ్మలు మన ఇంట్లోకి రాని రోజెప్పుడు? రవివర్మ 1894లో బొంబాయిలో అచ్చుయంత్రం పెట్టి దేవుళ్ళ బొమ్మలు అచ్చొత్తించబట్టే కదా, పటాలు కట్టించుకుని మన అమ్మమ్మలు లక్ష్మీదేవినీ సరస్వతీదేవినీ పూజగదిలో పెట్టుకున్నారు! కలువపువ్వులో నిలుచున్న లక్ష్మికి ఆ చీరకట్టూ ఆ చూపూ ఒక చిత్రకారుడు పెట్టినవే. వడ్డాది పాపయ్యగారు వేసిన 'చందమామ', 'యువ' ముఖచిత్రాలు కత్తిరించి దాచుకోని ఇల్లుందా ఒకప్పుడు? బాపు బొమ్మ అంటే ఎల్లా వుంటుందో చెప్పడానికి మనకి నిఘంటువు కావాలా? వారపత్రిక ముఖచిత్రమే మన మొదటి ఆర్ట్ గ్యాలరీ. టిక్కెట్టు లేదు, కాపలావాడు లేడు, అర్థంకాని ఉపన్యాసం లేదు. పోపు వేస్తూ చూశాం, పిల్లకి జడ వేస్తూ చూశాం.

మరి ఇంతగా బొమ్మలు చూసిన వాళ్ళం గ్యాలరీ గుమ్మం దగ్గర ఎందుకు జంకుతున్నాం? గ్యాలరీల వాళ్ళ వాటా ముందు పంచుతాను, వినండి.

మొదటిది ప్రారంభోత్సవం. సాయంత్రం ఆరున్నరకి అని కార్డులో వుంటుంది. కార్డు నూటికి తొంభై పాళ్ళు ఇంగ్లీషులోనే. ముఖ్య అతిథి ఏడున్నరకి వస్తారు. అందాకా అందరూ ఒకళ్ళ చీరలు ఒకళ్ళు చూసుకుంటూ, ఒకళ్ళ గడ్డాలు ఒకళ్ళు మెచ్చుకుంటూ నిలబడి వుంటారు. అతిథిగారు రాగానే దీపం వెలిగించడం, శాలువా కప్పడం, పూలగుత్తి ఇవ్వడం. తరవాత ఉపన్యాసం. ఆయన బొమ్మల వైపు వీపు పెట్టి, ఫోటోగ్రాఫరు వైపు మొహం పెట్టి, కళ సమాజానికి ఎంత అవసరమో చెబుతారు. ఆ పైన చిట్టి సమోసాలు, పళ్ళరసం. మర్నాడు పేపర్లో ఫోటో వస్తుంది. అందులో దీపం వుంటుంది, అతిథి వుంటారు, అతిథి సతీమణి వుంటారు. బొమ్మ మాత్రం ఎవరి భుజం వెనకాలనుంచో ఓ మూల కనిపించీ కనిపించనట్టుంటుంది. పెళ్ళి ఫోటోలో పెళ్ళికూతురు లేనట్టే!

వేసిన చిత్రకారుడు ఏడాదిపాటు, రెండేళ్ళపాటు అన్నం నీళ్ళు మానుకుని చేసిన పని అది. ఆ సాయంత్రం వచ్చిన వందమందిలో ప్రతి బొమ్మ ముందూ రెండు నిమిషాలు నిలబడ్డ వాళ్ళని వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. నేను లెక్కపెట్టాను కూడా. ఓసారి పదకొండు మంది తేలారు. అందులో ఇద్దరు చల్లటి గాలి తగులుతుందని ఏసీ కింద నిలబడ్డ వాళ్ళని తరవాత తెలిసింది.

రెండోది భాష. బొమ్మ పక్కన అంటించిన చీటీ, చేతికిచ్చే పుస్తకం, గోడమీద రాసిన పరిచయం, అన్నీ ఇంగ్లీషే. అదీ మామూలు ఇంగ్లీషా? ఎమ్మే చదివిన మా చెల్లెలు కూడా రెండుసార్లు చదివి, "అక్కా, ఇందులో క్రియ ఎక్కడుందే?" అంది. అడిగితే ఒక జవాబు సిద్ధంగా వుంటుంది: "కళకి భాష లేదండీ!" చాలా సంతోషం. భాష లేకపోతే ఆ మూడు పేజీల ఇంగ్లీషెందుకు? అదీ తీసెయ్యండి. వుంచితే మాత్రం పక్కన తెలుగులో నాలుగు వాక్యాలు రాయండి, ఉర్దూలో రెండు రాయండి. ఈ వూళ్ళో మనుషులు మాట్లాడే భాషలు ఆ గోడమీదకి మాత్రం ఎందుకు రాకూడదు? కొనేవాళ్ళు ఇంగ్లీషు వాళ్ళే కదా అంటారు కొందరు, గుట్టుగా. ఆ మాట బయటికే అనండి, సంతోషిస్తాం. అప్పుడది కొట్టు అని తెలుసుకుని కొట్టుకి వెళ్ళినట్టే వస్తాం. కళాసేవ అని చెప్పి గుమ్మం దగ్గర ఆపకండి.

మూడోది ఆ గుమ్మమే. ఆమధ్య ఆస్పత్రిలో వున్న మా ఆడపడుచుకి అన్నం ఇచ్చి వస్తూ, దారిలో ఒక గ్యాలరీ కనిపిస్తే లోపలికి వెళ్ళాను. చేతిలో స్టీలు క్యారేజీ వుంది. మామూలు నేతచీర. బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి నన్నూ, క్యారేజీనీ ఎగాదిగా చూసి, "క్యాటరింగ్ వాళ్ళు వెనక గేటు నుంచి రావాలి ఆంటీ" అంది. మర్యాదగానే అంది పాపం, "ఆంటీ" కూడా అంది. "బొమ్మలు చూడ్డానికి వచ్చానమ్మా" అంటే ఆ పిల్ల మొహంలో కనిపించిన ఆశ్చర్యం, ఆరోజు నేను లోపల చూసిన ఏ బొమ్మలోనూ కనిపించలేదు.

నవ్వుకుని వచ్చేశాను గాని, విషయం నవ్వులాట కాదు. లోపల గోడమీద వున్నదేమిటనుకున్నారు? రూపాయి కాసంత బొట్టు, ముక్కుపుడక, ముతక చీర, నెత్తిన గంప పెట్టుకున్న పల్లెటూరి ఆడవాళ్ళ బొమ్మలు! మన తోట వైకుంఠంగారి బొమ్మలు చూడండి. కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టిన మనిషి. తన తల్లినీ, తన ఊరి ఆడవాళ్ళనీ చూసి ఆ ఎర్రటి బొట్లూ పసుపుపచ్చ చీరలూ నేర్చుకున్నానని ఆయనే చెప్పుకున్నారు. ఆ బొమ్మలు ఇవాళ లక్షల ఖరీదు చేస్తున్నాయి. పెద్ద పెద్ద మేడల్లో సోఫాల వెనక గోడలకి వేలాడుతున్నాయి. ఆయనకి ఇంకా పేరు రావాలి, మనకి గర్వకారణం. కాని అల్లాంటి బొట్టూ అల్లాంటి చీరా వున్న ఆవిడే స్వయంగా గ్యాలరీకి నడిచొస్తే వెనక గేటు చూపిస్తారన్నదే నా కోపం. బొమ్మయితే లోపలికి, మనిషయితే బయటికి!

పల్లెటూరి వాళ్ళకి బొమ్మలు అర్థం కావంటారా? ఎం.ఎఫ్. హుస్సేన్ 1960ల చివర హైదరాబాదులో బదరీవిశాల్ పిత్తీ గారి అండన రామాయణం బొమ్మలు వేశారు. లోహియా ప్రోత్సాహం అది. ఆ బొమ్మల్ని ఎడ్లబండి మీద వేసుకుని చుట్టుపక్కల పల్లెలకి తీసుకెళ్ళి చూపించానని హుస్సేనే చెబుతూ వుండేవారు. అక్కడ ఎవరూ, "ఇందులో అర్థమేమిటి? ఈ ముక్కిల్లా వుందేం?" అని నిలదీయలేదుట. కథ తెలుసు, రాముడు తెలుసు, చూశారు, ఆనందించారు. నిలదీసేదీ భయపడేదీ మధ్యలో వున్న మనమే.

ఇంకో అన్యాయం కూడా చెప్పాలి. మన చేర్యాల పటాలు ఎల్లా చేస్తారో తెలుసా? ఖద్దరు గుడ్డకి చింతగింజల జిగురూ, సుద్దమట్టీ, బంకా కలిపి పూతలు పూస్తారు. ఆరాక ఎర్రటి నేల మీద కథంతా వరసగా వేస్తారు. ఊరూరా కథ చెప్పేవాళ్ళు ఆ పటం విప్పుతూ రాత్రంతా చెప్పేవారు. శ్రీకాళహస్తి కలంకారీలో గుడ్డని కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో నానబెడతారు. నల్లరంగుకి తుప్పుపట్టిన ఇనుమూ బెల్లమూ ఊరబెడతారు. చింతగింజలు, పాలు, బెల్లం! సగం మన వంటింటి సరుకులే. ఆ పటాలు మాత్రం "హస్తకళలు" అనే పేరుతో బజారు స్టాల్లో బేరానికి నిలబడతాయి. కాన్వాసు మీద వేసినవి "కళ" అనే పేరుతో ఏసీ గదిలో కూచుంటాయి. వాటికి బేరం లేదు. వీటికి బేరమాడకపోతే మనకి నిద్రపట్టదు. చెయ్యి ఒకటే, కన్ను ఒకటే, పంక్తి మాత్రం వేరు! గ్యాలరీల వాళ్ళు కొందరు ఇప్పుడిప్పుడే ఈ పటాల్ని లోపలికి తీసుకొస్తున్నారు. వాళ్ళకో నమస్కారం. మిగతావాళ్ళూ నేర్చుకోవాలి.

ఇంతదాకా వాళ్ళ వాటా. మీరు తలలూపుతూ, "బాగా బుద్ధి చెప్పారు" అనుకుంటున్నారు కదూ? ఆగండి, ఇప్పుడు మన వాటా.

"టైమెక్కడిదండీ?" మొట్టమొదటి సాకు ఇదే. నగల కొట్టు కొత్త బ్రాంచి తెరిస్తే చూడ్డానికి పొద్దుటినుంచి సాయంత్రం దాకా టైముంది. సీరియల్లో అత్తాకోడళ్ళు ఎన్నేళ్ళు పోట్లాడినా చూడ్డానికి టైముంది. చాలా గ్యాలరీలు పగలు పదకొండు నుంచి సాయంత్రం ఏడు దాకా తెరిచే వుంటాయి. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఈగ కూడా వుండదు. సరిగ్గా మనకి వంటిల్లు సద్దుకున్నాక, పిల్లలు బడినుంచి రాక ముందు దొరికే సమయం అదే. చాలా చోట్ల టిక్కెట్టు కూడా లేదు. ఆటో ఖర్చో బస్సు ఖర్చో తప్ప పైసా పన్లేదు. ఉద్యోగాలు చేసే ఆడవాళ్ళకి ఈ వేళలు కుదరవు, నిజమే. వారానికి ఒక్కరోజైనా రాత్రి తొమ్మిది దాకా తెరవమని వాళ్ళ తరఫున కూడా అడుగుతున్నాను.

"ఆయనకి ఇష్టం వుండదండీ" అనేది రెండో సాకు. ఆయన్ని రమ్మన్నదెవరు? గుడికి ఒక్కరూ వెళ్ళడం లేదూ? కూరలకి ఒక్కరూ వెళ్ళడం లేదూ? మనదైన పని మీద, మనకోసం, ఎవరికీ ఏదీ కొనకుండా, ఎవరికీ ఏదీ వడ్డించకుండా ఒక్క గంట బయట నిశ్శబ్దంగా నిలబడగలిగే చోటు ఈ ఊళ్ళో ఎక్కడుందో చెప్పండి. సినిమాహాల్లో గోల. పార్కులో ఒంటరిగా కూచుంటే నలుగురి చూపులు. హోటల్లో ఒక్కరూ కూచుంటే సర్వరు కూడా జాలిపడతాడు. గ్యాలరీలో ఒంటరి ఆడదాన్ని "ఎవరికోసం చూస్తున్నారు?" అని అడిగేవాడు వుండడు. బొమ్మకోసం చూస్తున్నాం! ఆ ఒక్క గంట కోసమైనా వెళ్ళమంటాను. బొమ్మలు బాగుండకపోయినా నష్టం లేదు.

"అన్నీ సెల్‌ఫోన్లోనే కనిపిస్తున్నాయిగా!" ఇది ఈ కాలపు సాకు. ఫోన్లో గుత్తివంకాయ కూర కూడా కనిపిస్తోంది, కడుపు నిండిందా? గోడంత బొమ్మ అరచేతిలోకి వచ్చేసరికి గోరంత అవుతుంది. రంగు ఎంత మందంగా పట్టించాడో, కుంచె వెంట్రుక ఎక్కడ ఊడి అంటుకుందో, గీసి చెరిపేసిన గీత అడుగున ఎల్లా కనిపిస్తోందో, దగ్గరకెళ్ళి పక్కనుంచి చూస్తేనే తెలుస్తుంది. దూరంగా జరిగి చూస్తే అదే బొమ్మ మరోలా వుంటుంది. ముగ్గు వేసి, లేచి, నాలుగడుగులు వెనక్కి వేసి నడుంమీద చెయ్యి పెట్టుకుని చూస్తాం చూడండి, అల్లాగే.

"అర్థం కాదండీ" అనేది ఆఖరి సాకు, అసలు సాకు. అర్థం కాకపోతే ఏమయింది? త్యాగరాజ కృతి వింటూ, అది ఏ రాగమో తెలియకపోయినా కళ్ళు తుడుచుకోలేదూ? నాకు తెలిసిన ఒక పిన్నిగారు వున్నారు. ఎనిమిదో తరగతితో చదువు ఆపేశారు. ఓ కుర్రాడి ప్రదర్శనకి బలవంతాన తీసుకెళ్ళాను. డాబామీద చీరలు ఆరేసిన బొమ్మ ఒకటుంది. అందరూ, "బాగుంది, బాగుంది" అని ముందుకి పోతున్నారు. ఈవిడ మాత్రం కదలకుండా నిలబడి, "బాబూ, ఇది తడిచీరే కదా? కింద నీళ్ళు కారినట్టు వేశావు. తడిచీర ఇల్లా పైకెగరదు నాయనా, బరువుకి వేలాడుతుంది" అంది. ఆ కుర్రాడు ఓ నిమిషం మాట్లాడలేదు. తరవాత కుర్చీ తెచ్చి ఆవిడకి వేసి, మిగతా బొమ్మలన్నీ ఒక్కొక్కటే చూపించి, "ఇదెల్లా వుందో చెప్పండమ్మా" అని అడిగాడు. ప్రారంభోత్సవం నాడు అతిథిగారు చెప్పిన ఇరవై నిమిషాల ఉపన్యాసంలో ఆ కుర్రాడికి పనికొచ్చే మాట ఒక్కటైనా వుందో లేదో గాని, ఈ ఒక్క మాట మాత్రం అతను మరిచిపోడు.

అందుకే చెబుతున్నాను, ప్రారంభోత్సవానికి వెళ్ళకండి. మర్నాడు వెళ్ళండి. సమోసాలు వుండవు, అతిథులు వుండరు. చాలాసార్లు చిత్రకారుడొక్కడే ఓ మూల స్టూలు మీద దిగులుగా కూచుని వుంటాడు. ఎవరైనా వచ్చి చూస్తే చాలునని ఆ మనిషి ప్రాణం కొట్టుకుంటూ వుంటుంది. అన్ని బొమ్మలూ చూడక్కర్లేదు. ఒక చుట్టు తిరిగి, మిమ్మల్ని ఆపిన రెండింటి దగ్గరకి వెనక్కి వెళ్ళండి. నచ్చకపోతే నచ్చలేదని చెప్పండి. బిడియం వద్దు. ధర అడగడానికీ బిడియం వద్దు, అడిగినంత మాత్రాన కొనాలని ఎక్కడా లేదు. కంచిపట్టు చీర ధర అడగడానికి మనకెప్పుడైనా బిడియం వేసిందా?

బొమ్మ పక్కన చిన్న ఎర్రటి చుక్క అంటించి వుంటే, దానికి పెళ్ళి కుదిరిందని అర్థం, అంటే అమ్ముడయిందన్నమాట. బొమ్మ కింద పెన్సిలుతో 3/25 అని వుంటే అది లెక్కల తప్పు కాదు. రాగి రేకుమీదో, రాతిమీదో, చెక్కమీదో గీసి, ఇరవై అయిదు కాపీలు మాత్రమే తీసి, అందులో ఇది మూడోది అని చిత్రకారుడు రాసిన లెక్క. నిజాంపూరులో పుట్టిన లక్ష్మాగౌడ్ గారికి దేశమంతటా పేరు తెచ్చిపెట్టింది ఇల్లాంటి రేకు అచ్చుల పనే. ఒకే బొమ్మగా వున్న పెద్ద కాన్వాసు కంటే ఇవి తక్కువ ధరలో వస్తాయి. కొత్తగా చదువు ముగించిన కుర్రవాళ్ళవయితే ఒక మంచి పట్టుచీర ఖరీదులోపే దొరుకుతాయి. మనం కొన్న డబ్బులో చాలా చోట్ల మూడోవంతు నుంచి సగం దాకా గ్యాలరీకి పోతుందని కూడా తెలుసుకోండి. అందుకే మాసాబ్ ట్యాంక్ దగ్గర ఫైన్ ఆర్ట్స్ విద్యార్థులు తమ పని పెట్టినప్పుడు వెళ్ళి చూడమంటాను. ముందుగదిలో ప్లాస్టిక్ జలపాతం బొమ్మ, దానికి కరెంటు దీపం! అది తీసేసి, ఎవరో ఒక మనిషి చేత్తో గీసిన చిన్న గీత పెట్టుకుంటే ఇంటికి కళ వస్తుంది. ఒకరింట్లో పొయ్యి వెలుగుతుంది.

బొమ్మలు మగవాళ్ళ వ్యవహారమనుకుంటే అదీ పొరపాటే. రాజమండ్రి దామెర్ల రామారావుగారు 1897లో పుట్టి, 1925లో ఇరవై ఏడేళ్ళకే కన్నుమూశారు. ఆయన పేర వున్న గ్యాలరీకి వెళితే ఆయన బొమ్మలే కాదు, భార్య సత్యవాణిగారు, చెల్లెలు బుచ్చికృష్ణమ్మగారు వేసిన బొమ్మలు కూడా చూడొచ్చు. ఇల్లు దాటడమే గొప్ప అనుకున్న రోజుల్లో ఆ ఆడవాళ్ళు కుంచె పట్టారు. హైదరాబాదులో కవితా దేవుస్కర్, అంజనీరెడ్డి లాంటి వారు దశాబ్దాలుగా వేస్తూనే వున్నారు. నారాయణగూడలో చిత్రకారుడు పి.టి. రెడ్డిగారూ, 'మా ఊరి ముచ్చట్లు' రాసిన యశోదారెడ్డిగారూ ఒకే ఇంట్లో కాపురం చేశారు. ఒకరు రంగుల్తో, ఒకరు తెలంగాణ పల్లె నుడికారంతో అదే నేలని బొమ్మకట్టారు. ఆవిడ కథలు అర్థమైన మనకి ఆయన బొమ్మలు అర్థం కావా?

చివరికి ఎవరి పని వాళ్ళకి చెప్పి ముగిస్తాను. గ్యాలరీల వారూ! బొమ్మ పక్కన తెలుగు చీటీ పెట్టండి. మోకాళ్ళ నొప్పుల వాళ్ళకి హాలుకి రెండు కుర్చీలు వెయ్యండి. బాత్‌రూం తాళం తీసి వుంచండి. బల్ల దగ్గర కూచునే పిల్లకి చీర చూసి మనిషిని అంచనా కట్టొద్దని చెప్పండి. వీటిల్లో దేనికీ లక్షలు అక్కర్లేదు. ఇవి చెయ్యకుండా, "ఈ ఊళ్ళో మామూలు జనానికి కళాభిరుచి లేదు" అని సభల్లో వాపోతే మాత్రం మేం ఒప్పుకోం. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టుంటుంది ఆ వాపోవడం.

ఇక మీరు. ఈ నెలలో ఒక్క మధ్యాహ్నం. పిల్లలకి సెలవైతే వాళ్ళనీ తీసుకెళ్ళండి. "తాకకు" అని ఒక్కసారి చెప్పండి, "ఇది చూడు, అది చూడు" అని మాత్రం చెప్పకండి. వాళ్ళకి కావలసింది వాళ్ళే చూసుకుంటారు. తిరిగొచ్చేప్పుడు అక్కడ సంతకాల పుస్తకం వుంటుంది. అందులో అందరూ "వెరీ నైస్" అని రాసి వుంటారు. మీరు తెలుగులో, మీ పేరుతో, మీకు నిజంగా తోచింది ఒక్క వాక్యం రాయండి. చీర బరువు తప్పయితే తప్పని రాయండి.

"గాడిదకేం తెలుసు గంధపు వాసన" అని మన గురించి అనుకునే వాళ్ళకి అదే జవాబు. ఏళ్ళ తరబడి సానరాయి మీద గంధం అరగదీసిన చేతులమ్మా మనవి! వాసన మనకి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?